ఆ ఏడు మాకు పిల్లలు పుట్టలేదు

నేను పుట్టానని సర్కారు పుస్తకంలో రాసి ఉందో లేదో చూసుకోవలసిన అవసరం నాకు పంతొమ్మిదో ఏట వచ్చింది. మనిషి ఎదురుగా నిలబడి ఉంటే పుట్టాడా లేదా అని ఎవరూ అడగరు. సీలింగు చట్టం అడిగింది.

డెబ్భైల మధ్య మాట. మా ఊరు మునేటి ఒడ్డున, పెనుగంచిప్రోలుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. మాకు పొలం ఎక్కువ. ఇంత ఎక్కువ ఎలా వచ్చిందని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించిన పాపాన పోలేదు. ఒక కుటుంబం ఇంతవరకే ఉంచుకోవాలి, మిగిలింది ప్రభుత్వానికి అప్పజెప్పాలి అని చట్టం వచ్చేసరికి మాత్రం నాన్నకు నిద్ర కరువైంది. చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. మేజరైన కొడుకు ఉంటే అతన్ని వేరే కుటుంబం కింద లెక్కగట్టి, అతనికీ ఒక వాటా వదిలేస్తారు. నేను ఒక్కడినే కొడుకుని. నేను మేజరునని రుజువైతే మా నల్లరేగడి చెక్క మాకే ఉంటుంది. కాకపోతే పోతుంది.

నిజానికి నాకు పద్దెనిమిది నిండాయి. కాని పదో తరగతి సర్టిఫికెట్లో నిండలేదు. బళ్ళో వేసేటప్పుడు మా పంతులుగారు రెండేళ్ళు తగ్గించి వేశారు. ముందుముందు ఉద్యోగానికి పనికొస్తుందని ఆయన ఊళ్ళో ప్రతి పిల్లవాడికీ చేసిన ఉపకారమే అది. ఇక మిగిలింది జనన మరణాల రిజిస్టరు. ఊళ్ళో ఎవరు పుట్టినా, పోయినా తలారి ఇంటింటికీ తిరిగి కనుక్కుని వచ్చి చెబితే, మునసబు పుస్తకంలో ఎక్కించేవాడు. ఆ పుస్తకాలు నందిగామ తాలూకా ఆఫీసుకు చేరేవి. అందులో నా పుట్టుక నకలు ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాం.

కాళ్ళరిగేలా తిరిగాం. నాన్న పేరు మీద నేను పుట్టిన నెలలో ఎవరూ పుట్టలేదు. ఆ ముందు నెలలోనూ లేదు, తరువాత నెలలోనూ లేదు. రికార్డుల గదిలో ఉండే గుమాస్తా మంచివాడు. మమ్మల్ని నమ్మించడానికి పుస్తకమే తెచ్చి బల్ల మీద పెట్టాడు. దుమ్ముకు తుమ్ముతూ నాన్న వేలు పెట్టి ఒక్కొక్క గీటూ చూసుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగిపోయాడు. నేను పుట్టిన తేదీయే. మగశిశువు అని ఉంది. తండ్రి పేరు దగ్గర మా పాలేరు పేరు, తల్లి పేరు దగ్గర అతని భార్య పేరు ఉన్నాయి. నాన్న పుస్తకం మూసి, నా మొహం వంక చూడకుండా, "పద, మీ అమ్మనడుగుదాం" అన్నాడు.

అమ్మ విని ముందు నవ్వింది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు ముందు అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి నెల తిరక్కుండా పోయారు. నేను పుట్టగానే పెద్దవాళ్ళు నన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పాలేరు భార్య చేరెడు తవుడు తెచ్చి అమ్మ ఒళ్ళో పోసి నన్ను కొనుక్కుంది. పోయిన పిల్లల తరువాత పుట్టినవాళ్ళను అలా అమ్మేయడం మా వైపు చాలా ఇళ్ళలో ఉన్నదే. కన్నతల్లి దగ్గర ఉంటే ఆయువు ఉండదని, పరాయి బిడ్డ అయితే చావు వెతుక్కుంటూ రాదని నమ్మకం. ఆవిడ కిరస్తానీల పేటలో ఉండేది. ఎనిమిది రోజుల ముందే ఆవిడకీ కొడుకు పుట్టాడు. నన్ను పేట దాకా ఎత్తుకెళ్ళి, మళ్ళీ తెచ్చి, "నా బిడ్డకి పాలియ్యండమ్మా" అని అమ్మకే ఇచ్చిందట. ఆ రోజు నుంచి వాడు పెద్దోడు, నేను చిన్నోడు ఆవిడకి. ఏడాది నిండేదాకా అమ్మ నన్ను నా కొడుకు అని ఎవరి ముందూ అనలేదు.

ఇంతవరకూ అందరూ చేసేదే. పిల్లలు పెద్దయ్యాక నవ్వుకునేదే. కాని ఆ ఆటను సర్కారు పుస్తకం దాకా తీసుకుపోయింది మా అమ్మ ఒక్కతే అయి ఉంటుంది. తలారి వచ్చి గడపలో నిలబడి అడిగితే, పురిటి గదిలోంచే చెప్పింది.

"మా ఇంట్లో పిల్లలు పుట్టలేదు. పుట్టింది వాళ్ళకి. అట్టాగే రాయించు."

మునసబు పుస్తకం యముడు కూడా తిరగేస్తాడని అనుకుందేమో పిచ్చితల్లి. తలారి వెళ్ళి చెప్పాడు. మునసబుకూ ఇద్దరు పిల్లలు పోయి ఉన్నారట, ఆయనకు అర్థమైంది. పాలేరు పేరు మీద రాసేశాడు. ఇక తలారి పేటకు వెళ్ళనే లేదు. ఆ ఇంటికి ఒక మగపిల్లవాడు పుట్టినట్టు ఎక్కింది గదా, ఎనిమిది రోజుల తేడాతో ఇంకొకడు ఎట్లా పుడతాడు? అలా నేను వాళ్ళింట్లో పుట్టాను. పెద్దోడు ఎక్కడా పుట్టలేదు.

నాన్న నందిగామలో ఒక ప్లీడరు గుమాస్తాను పట్టుకున్నాడు. ఆయన ఇదేమంత కష్టం కాదన్నాడు. ఆ పిల్లవాడు మా పిల్లవాడు కాదని పాలేరూ భార్యా వేలిముద్రలతో వాంగ్మూలం ఇస్తే, తాసీల్దారు ఉత్తర్వు మీద పేర్లు మారుస్తారు. నా దస్తూరి బాగుంటుందని నాచేతే రాయించారు. ఆయన చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. నాలుగైదు వాక్యాలయ్యాక ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"మరి మీ పిల్లవాడేడీ, ఎప్పుడు పుట్టాడు అని అడుగుతాడు ఆఫీసరు. ఆ గొడవ మనకెందుకు. 'ఆ ఏడు మాకు పిల్లలు పుట్టలేదు' అని రాయి. మొదలంట తెగ్గొడితే ఇంక ప్రశ్న ఉండదు."

నేను తల ఎత్తి నాన్న వైపు చూశాను. పెద్దోడు పొద్దున్నే మా గిత్తలను కడిగి కట్టేసి వెళ్ళాడు. వాడూ నేనూ ఒకే చింతబరికెతో తన్నులు తిన్నవాళ్ళం, మునేట్లో ఒకే మడుగులో ఈత నేర్చుకున్నవాళ్ళం. నాన్న కిటికీలోంచి బజారు చూస్తూ "రాయరా" అన్నాడు. రాశాను. నాన్న భయానికి రాశానని చాలాకాలం చెప్పుకున్నాను గాని, అది అబద్ధం. ఆ చెక్క రేపు నాదవుతుందని నాకు తెలుసు.

ఆ సాయంత్రం మా అరుగు మీద వేలిముద్రలు వేయించాం. పాలేరు ఏమీ అడగలేదు, వేలు చాపాడు. ఆవిడ అడిగింది.

"ఏం రాశావు బాబూ?"

"నేను మా అమ్మ కొడుకునని రాశా."

ఆవిడ పకపకా నవ్వింది. "అయితే ఇన్నాళ్ళకి నిన్ను మీ అమ్మకి ఇచ్చేస్తున్నానన్నమాట" అంటూ వేలు సిరా డబ్బాలో అద్ది, నేను చూపించిన చోట ఒత్తి, జుట్టుకు తుడుచుకుంది. నేను చెప్పిన మాటలో అబద్ధం ఏమీ లేదు. చెప్పని మాట కాగితంలో ఉంది. ఆ కాగితం ఎవరూ ఆవిడకు చదివి వినిపించలేదు. చదివి వినిపించామని కింద రాసింది మాత్రం నేనే.

రిజిస్టరులో పేర్లు మారాయి. పొలం నిలబడింది. నాన్న పాలేరుకు కొత్త పంచెల చాపు పెట్టాడు.

తరువాత పదేళ్ళలో నేను బి.ఇడి. చేసి జగ్గయ్యపేటలో పంతులుగా చేరాను. పెద్దోడు చర్చి బళ్ళో అయిదు దాకా చదివి మానేసి, సాగర్ ఎడమ కాలవ మా వైపు పారడం మొదలయ్యాక కాలవ మీద లస్కరు పనికి కుదిరాడు. కట్ట వెంట తిరగడం, తూము షట్టర్లు ఎత్తడం, దించడం, గండి పడితే పైవాళ్ళకు కబురు చేయడం వాడి పని. రోజుకూలీ మీదే ఏళ్ళ తరబడి చేశాడు. ఎండాకాలం ఏ మేజరు కాలవలో ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో కాగితం చూడకుండా చెప్పేవాడు. పాలేరు కొడుకు పాలేరు కాకుండా తప్పించుకున్న మొదటి మనిషి మా ఊళ్ళో వాడే. వాళ్ళమ్మ ఖాకీ చొక్కా ఉతికి దండెం మీద వేసి, దారిన పోయేవాళ్ళంతా చూసేదాకా తీసేది కాదు.

ఎనభైలలో, అలా ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళను పర్మనెంటు చేస్తామని ఆర్డరు వచ్చింది. వయసుకు రుజువు కావాలి. చర్చి బడి రిజిస్టర్లను చెదలు తినేశాయి. పాస్టరుగారు బాప్తిస్మం పుస్తకం చూసి చీటీ రాసిస్తే, అది మాకు చెల్లదని ఆఫీసులో అన్నారు. కాలవ ఆఫీసు గుమాస్తా దారి చెప్పాడు. తాలూకా ఆఫీసు నుంచి జనన నకలు తెచ్చుకో, అసలు పేరే లేకపోతే డాక్టరు సర్టిఫికెట్ తెచ్చినా సరిపోతుంది అని.

పెద్దోడు నా దగ్గరికి వచ్చాడు. బడి విడిచిపెట్టే వేళ. చెప్పులు వరండా కింద విడిచి, చంకలోంచి తెల్లకాగితాలు తీశాడు.

"నకలు కోసం అర్జీ రాసి పెట్టండి చిన్నబాబుగారూ. మీ రాత చూస్తే ఎవడైనా కాదనడు."

నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నకలు వద్దురా, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళు అని. ఎందుకు వద్దు అని వాడు అడుగుతాడు. ఆ ఎందుకుకు జవాబు చెప్పే మొహం నాకు లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి, ఇన్నాళ్ళ తరువాత దాచి ఏం ప్రయోజనం. వాళ్ళకు దొరకదులే అనుకున్నాను. ఆఫీసుల్లో మనకు కావలసిందేదీ దొరకదు గదా. అందమైన దస్తూరితో అర్జీ రాసి, స్టాంపు అంటించి, వాడి చేతికిచ్చాను.

వారంలో దొరికింది.

వాడు నకలు తీసుకుని నేరుగా బడికే వచ్చాడు. సగం ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పమన్నాడు. నా పుట్టుక తేదీ, కొట్టేసిన పాలేరు పేరు, పైన మా నాన్న పేరు. చివర రిమార్కుల గడిలో తాసీల్దారు ఉత్తర్వు ముక్క. ఫలానా దంపతులు ఆ సంవత్సరం తమకు సంతానం కలగలేదని వాంగ్మూలం ఇచ్చినందున, అని మొదలవుతుంది. నా వాక్యమే. గుమాస్తా దాన్ని గ్రాంథికంలోకి మార్చాడు, అంతే.

"నీ పేరు లేదురా" అన్నాను. "డాక్టరు దగ్గరికెళ్ళు."

"అంతేగా" అన్నాడు వాడు సంతోషంగా.

ఆ కాగితం వాడి చేతిలోంచి తీసుకుని చించేసినా బాగుండేది. వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సర్కారు ముద్ర ఉన్న కాగితమంటే వాడికి గౌరవం. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి, పేరు లేదనడానికి రుజువు ఇదిగో అని ఆ నకలు కూడా జతచేసి కాలవ ఆఫీసులో ఇచ్చాడు. ఇంకెవరూ అంత నిజాయితీగా ఇచ్చి ఉండరు. రిమార్కుల గడి గుమాస్తా చదివి, వాడి మొహంలోకి చూశాడట. "మీ అమ్మా నాన్నా ఆ ఏడు పిల్లలే పుట్టలేదని చెప్పారయ్యా. మరి నువ్వెవరు?"

ఆదివారం పూట తల్లీ కొడుకూ మా ఊళ్ళో ఇంటికి వచ్చారు. పాలేరు అంతకు ముందు వానాకాలంలో పోయాడు. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆవిడ అరుగు ఎక్కకుండా కిందే నిలబడింది. కేకలు వేస్తే బాగుండుననిపించింది నాకు. వేయలేదు.

"ఏం రాశావని అడిగా గద బాబూ ఆ పొద్దు" అంది.

నేను తల వంచుకున్నాను.

"అయిందేదో అయింది. ఇప్పుడు వచ్చి నాలుగు ముక్కలు చెప్పండి ఆఫీసులో. ఆ రాత తప్పని."

నాన్న అందుకున్నాడు. "ఏం చెప్తాడు? ఆ వాంగ్మూలం అబద్ధమంటే మా కేసు తిరగతోడతారు. పొలం పోద్ది. వీడి ఉద్యోగం పోద్ది."

"మీ పొలం సంగతి నేనడగట్లేదండీ. నా కొడుకు నా కొడుకేనని చెప్పమంటన్నా. అది అడగటానిక్కూడా మీ పొలం అడ్డమొచ్చిద్దా?"

అమ్మ తలుపు వెనకే నిలబడింది, గాజుల చప్పుడు వినిపించింది. బయటికి రాలేదు. నన్ను బతికించమని ఈవిడ చేతుల్లో పెట్టిన మనిషి, ఆ చేతులు ఇప్పుడు ఎదురుగా చాపి ఉంటే బయటికి రాలేదు. ఆ విషయంలో అమ్మను నేను క్షమించలేదు. నన్ను నేను క్షమించుకోవడం మాట అటుంచి.

కాలవ ఆఫీసులో విచారణ పెట్టారు. తనను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు అని పెద్దోడు నా పేరే ఇచ్చాడు. ఇంటికి వచ్చి ఏం చెబుతారో అడగను కూడా అడగలేదు. ఆఫీసులో నలుగురి ముందు నిలబడితే అబద్ధమాడననుకున్నాడు. ఆ రోజు ఆఫీసరు నాకు కుర్చీ వేయించాడు. వాళ్ళిద్దరూ గోడ పక్కన నిలబడ్డారు.

"మాష్టారూ, ఇతను ఈమె కొడుకేనా? మీకు తెలుసా?"

ఊరి నుంచి బస్సులో వస్తూ తయారు చేసుకున్న వాక్యం నా దగ్గర ఉంది. ఎటు తిప్పినా ఎవరూ తప్పు పట్టలేని వాక్యం. "చిన్నప్పటి నుంచీ వాళ్ళింట్లో ఉండటం చూశానండి. పుట్టుక సంగతి నాకు తెలీదండి."

పెద్దోడు నా వైపు చూడలేదు, కిటికీ బయట కాలవ వైపు చూశాడు. ఆవిడ ముందుకు వచ్చింది.

"కన్నదాన్ని నేనుండగా ఆయన్నెందుకయ్యా అడగటం? నన్నడగండి."

ఆఫీసరు చెడ్డవాడు కాదు. నందిగామ నుంచి తెప్పించిన పాత వాంగ్మూలం ఆవిడ వైపు తిప్పి, వేలిముద్ర చూపించాడు. "అడిగాం గదమ్మా. అప్పుడు నువ్వు చెప్పిందే ఇది."

ఆవిడ ఆ ముద్ర వంక చాలాసేపు చూసింది. తరువాత తన బొటనవేలు వంక చూసుకుంది. నాకు లేచి చెప్పాలనిపించింది. అనిపించడం వరకే. కుర్చీలోంచి లేవలేదు.

పెద్దోడి పేరు కూలీల మస్టరు రోల్లోంచి తీసేశారు. తప్పుడు మనిషి అన్న మాట ఒకటి ఫైల్లో పడితే కూలీకి కూడా పెట్టుకోరు. కొన్నాళ్ళు జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీల్లో రాయి కొట్టాడు. తరువాత గరికపాడు దగ్గర లారీల లోడింగుకు వెళ్ళాడని విన్నాను. ఎక్కడ ఎదురుపడినా పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాడు. చిన్నబాబుగారూ అని మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. వాళ్ళమ్మ మా పొలం పనికి రావడం మానేసింది. పైపొలాల్లో మిరపకాయలు కోయడానికి వెళ్ళేది. ఒకసారి బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే, పెనుగంచిప్రోలు దాకా నిలబడే వచ్చింది.

కొన్నేళ్ళకు, వేసవి సెలవుల్లో ఆవిడ పోయింది. అప్పటికి మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆ పనికి కొత్తగా వచ్చిన కుర్రాడు, మరణాలకు ఫారాలు నింపిపెట్టమని, నేను ఊళ్ళో ఉన్నప్పుడు నాకే ఇచ్చిపోయేవాడు. సమాధి చేసిన మర్నాడు పెద్దోడు మా అరుగు దగ్గరకు వచ్చాడు. ఆ ఫారం దాఖలు చేస్తేనే సమాధుల దొడ్డి పుస్తకంలో రాస్తామని పాస్టరుగారు అన్నారట. లేకపోతే వచ్చేవాడు కాదు.

కూర్చోమన్నాను, కూర్చోలేదు. చనిపోయినవారి పేరు, భర్త పేరు, సుమారు వయసు రాశాను. తరువాతి గడి దగ్గర ఆగాను. తెలియజేసినవారు, చనిపోయినవారికి ఏమవుతారు అని ఉంది.

"ఏం రాస్తారో మీ ఇష్టం మాష్టారూ" అన్నాడు పెద్దోడు. గొంతులో కోపం కూడా లేదు. "రికార్డు ప్రకారం ఆమెకి నేను పుట్టలేదు గదండీ."

కొడుకు అని రాశాను. ఆ ఫారం వాడి చేతికిచ్చాను. వాడు కూడబలుక్కుని ఆ గడి దాకా చదివాడు. మళ్ళీ అరుగు మీద పెట్టి, కింద సాక్షి అని ఉన్న చోట వేలు ఆనించాడు.

"ఇక్కడ సంతకం కూడా పెట్టండి. అమ్మ పోయింది, నాకు ఉద్యోగం వయసు దాటిపోయింది. ఇప్పుడు పెట్టినా మీ పొలానికేం కాదు."

పెట్టాను.